పిడికిలి కుండ

ఇసుర్రాయి ముందు కూర్చున్నప్పుడల్లా మొదటి పిడికెడు జొన్నలు రాతి నోట్లో వేయను. పక్కన పెట్టుకున్న కుండలో వేస్తాను. బాప్తిస్మం తీసుకున్న ఏడు నేర్చుకున్న అలవాటు అది. మా మాదిగగేరిలో క్రీస్తును నమ్ముకున్న పన్నెండు ఇళ్ల ఆడవాళ్లందరం అలాగే చేసేవాళ్లం. ఇంట్లో గింజలు ఎంత తక్కువున్నా, పిల్లలకు గటక చాలకపోయినా, దేవుని పిడికెడు ముందు తీసేవాళ్లం. నెల చివరి ఆదివారం గుడిలో ఆ కుండలన్నీ కుమ్మరిస్తే కుప్ప అయ్యేది. దాంతో దిక్కులేని ముసలివాళ్లకు కూడు, గుడి దీపానికి నూనె. మగవాళ్లు ఆ కుప్ప చుట్టూ నిలబడి, ‘ప్రభువా, మా కానుకలు’ అని కళ్లు మూసుకుని అప్పగించేవారు. వాళ్లలో ఒక్కరు కూడా ఏనాడూ ఇసుర్రాయి ముందు కూర్చోలేదు.

ఆ ఆదివారం పొద్దున కూడా మొదటి పిడికెడు కుండలో వేశాను. అప్పటికి ఏడాదిగా నా కుండను సంఘం తీసుకోవడం లేదు. శిక్షలో ఉన్న మనిషి కానుక దేవుడికి పనికిరాదట. తీసుకోకపోయినా నేను వేయడం మానలేదు. ఒక కుండ నిండితే ఇంకొకటి పెట్టాను. మా అత్త జోగులమ్మ మంచం మీద నుంచే చూసి, "ఇయ్యాలన్న ఆ ఒక్క మాట అనెయ్యే, ఈదీ. నోరేమన్న అరిగిపోతదా," అంది. నా పేరు కృపమ్మ. బాప్తిస్మం రోజు పెట్టిన పేరు. అత్త కూడా ఆ నీళ్లలోనే మునిగింది కానీ, నన్ను మాత్రం పాత పేరుతోనే పిలుస్తుంది. నా పాత పేరు ఈదమ్మ. మా ఊరి దేవత పేరే అది.

ఆ ఒక్క మాట ఏమిటంటే, ‘ఈదమ్మ గంపలో జొన్నలు పోసింది నేనే, నన్ను క్షమించండి’ అని సంఘం ముందు నిలబడి ఒప్పుకోవడం. ఒప్పుకుంటే నన్ను మళ్లీ ప్రభువు బల్లకు, అందరితో రొట్టె, గిన్నె పంచుకోవడానికి, రానిస్తారు. నా మొగుడికి పెద్దమందడి అవతల పెద్ద ఊళ్లో ఉపదేశి పని ఇస్తారు, పెంకుటిల్లు కూడా ఇస్తారు. పెండ్లాం శిక్షలో ఉన్నవాడికి అంత పని ఇవ్వరు కదా. ఒప్పుకోకపోతే సంఘం పుస్తకంలో నా పేరు కొట్టేస్తారు. "సంఘం ఎల్లగొట్టినాక నేనెందుకు ఉంచుకుంట? పిల్లను ఇడిచిపెట్టి మీ తల్లిగారింటికి పో," అని మొగుడు ముందే చెప్పాడు. ఇంత సులువైన మాట నా నోటి నుంచి ఎందుకు రాదంటే, ఆ జొన్నలు నేను పోయలేదు.

అంతకు ముందు ఏడు, మిరుగు వానలు ఇంకా పడకముందు, మా ఊరికి గత్తర, అదే కలరా, వచ్చింది. పొద్దున వాంతి చేసుకున్న మనిషి పొద్దుగూకేసరికి పోయేవాడు. పటేలు, ఊరి పెద్దలు కూర్చుని ఈదమ్మకు దున్నపోతును కొట్టాలన్నారు. ఇంటింటికీ పిడికెడు జొన్నలు గంపలోకి వసూలు చేసి, వండి, దున్నపోతు నెత్తురు కలిపి పొలిమేర చుట్టూ చల్లితే తల్లి శాంతిస్తుందన్నారు. ఊరి సుంకరి మా గేరి మొదట్లో నిలబడి చాటింపు వేశాడు. "ఇంటికి పిడికెడు. పొయ్యనోళ్లకు బాయి కాడ నీళ్లు పొయ్యరు."

మా గేరికి బావి లేదు. వాగు ఇసుకలో చెలిమె తవ్వి నీళ్లు తోడుకుంటాం. అది ఎండిపోతే ఊరి బావి దగ్గరికి పోయి, గట్టుకు దూరంగా ఖాళీ కుండలు పెట్టుకుని నిలబడతాం. ఏ కాపు ఆడమనిషికో దయ కలిగితే పైనుంచి మా కుండలోకి వంచుతుంది. ఆ ఏడు చెలిమె ఎండి అప్పటికి నెలయింది.

నా మొగుడి పేరు ఆశీర్వాదం. మా ఊరి ఉపదేశి, అంటే పాస్టరు రాని ఆదివారాల్లో గుడిలో వాక్యం చెప్పేవాడు. మిషను వాళ్లిచ్చే జీతం అతనిది, పని ఇద్దరిది. గుడి అలకడం, వచ్చిపోయే అయ్యగార్లకు వండి పెట్టడం, ఆడవాళ్లకు పాటలు నేర్పడం నా వంతు. చదవడం కూడా నా వంతే, ఎందుకంటే అతనికి అక్షరాలు కూడబలుక్కోవడం రాదు. శనివారం పొయ్యి ముందు నేను వాక్యం చదివి వినిపిస్తే, ఆదివారం కళ్లు మూసుకుని గడగడ చెప్పేవాడు. ‘పుస్తకం సూడకుండ ఎట్ల చెప్తుండో’ అని జనం మురిసిపోయేవాళ్లు. నేనూ మురిసిపోయేదాన్ని. అంత పిచ్చిదాన్ని.

సుంకరి పోయాక అతను వాకిట్లో నిలబడి గేరి అంతటికీ వినబడేలా చెప్పాడు. "ఒక్క గింజ గూడ పొయ్యొద్దు. పానం పోయినా సరే. ప్రభువు సూస్తుండు." అందరూ సరేనన్నారు. సంఘ పెద్ద మల్లన్న తల్లి భీమమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నిజంగనే పొయ్యొద్దా బిడ్డా? నాకు బుగులైతుంది," అంది. ఆమె చేతులు రెండూ పట్టుకుని, "ఓర్సుకో పెద్దమ్మా. రెండు దినాలు ఓర్సుకో," అన్నాను. ఆ మాట నాది. దానికి ఎవరు ఎప్పుడు అడిగినా లేచి నిలబడి ఒప్పుకుంటాను.

రెండు రోజులు బావి దగ్గర ఎండలో నిలబడ్డాం. కాపు ఆడవాళ్లు నీళ్లు చేదుకుని మా ముందు నుంచే పోయారు. ఒకామె మా వైపు చూస్తూ తీరిగ్గా కాళ్లు కడుక్కుంది. ఆ నీళ్లు పారి వచ్చిన చోట నా కూతురు మణి వంగి దోసిలి పట్టబోతే, చేతి మీద ఒక్కటి కొట్టాను. అప్పటికి దానికి ఆరేళ్లు. ఆ సాయంత్రమే దానికి వాంతులు మొదలయ్యాయి.

మూడో రోజు పొద్దున వాగులో ఇసుక తవ్వి తవ్వి, గోళ్లు విరిగి, చెంబెడు బురదనీళ్లతో ఇంటికి వచ్చాను. వచ్చేసరికి ఇంట్లో నిండు కుండ తేటనీళ్లు ఉన్నాయి. నా మొగుడు పిల్ల తల ఎత్తిపట్టి తాగిస్తున్నాడు. పక్కన నా పిడికిలి కుండ బోర్లించి ఉంది. నేనేమీ అడగలేదు. పిల్ల గొంతులోకి నీళ్లు దిగడమే చూశాను. ఇప్పటికీ ఒక మాట దాచకుండా చెబుతాను. అతను నన్ను పిలిచి ‘పిల్ల పోతది, పోసేద్దాం’ అని ఉంటే, బహుశా నా చేత్తోనే పోసేదాన్ని. పోసి, ప్రభువు కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని. నేనంత గట్టి మనిషినేమీ కాదు.

మధ్యాహ్నానికి పిల్ల కాస్త తేరుకుంది. అప్పుడే భీమమ్మకు కూడా గత్తర తగిలి అయిపోవచ్చిందని, నీళ్లు నీళ్లు అంటోందని కబురొచ్చింది. చెంబు ముంచుకుని లేచాను. నా మొగుడు వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "నీళ్లు యాడివని అడిగితే ఏం చెప్తవే? కూసో," అన్నాడు. కూర్చున్నాను. నిండు చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అతన్ని నెట్టేసి పోవచ్చు, అరిచి గేరిని పిలవవచ్చు, ఏదీ చేయలేదు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఏడుపులు మొదలయ్యేదాకా అలాగే ఉన్నాను. అది కూడా నాదే.

తర్వాత వానలు పడ్డాయి, వాగు పారింది, ఈదమ్మ జాతర కూడా అయిపోయింది. ఒకరోజు సుంకరి మా గేరికి వచ్చి నవ్వుతూ అందరి ముందూ అన్నాడు. "మీ ఉపదేశి ఇంట్ల నుంచి ముట్టినయి గద జొన్నలు. మీరెందుకు ఉత్తగ సచ్చిండ్రు?" మల్లన్న లోపలికి పోయి గొడ్డలి పట్టుకుని వచ్చాడు. నా మొగుడు ఎదురుపోయి చేతులు జోడించాడు. "నా పెండ్లాం చేసింది తమ్మీ. నేను ఇంట్ల లేను. ఆడదాని బుద్ధి గద. పేరు మార్సినా ఆ ఈదమ్మ దాని నెత్తి మీద నుంచి దిగలే," అన్నాడు. అంత చక్కగా ఎప్పుడు కూర్చుకున్నాడో ఆ మాటలు. శనివారం నేను చదివి వినిపించనిది అతను చెప్పిన ప్రసంగం అదొక్కటే.

కాదన్నాను. గట్టిగానే అన్నాను. మిషను బంగ్లా నుంచి పాస్టరు అనంతయ్య గారు బండి కట్టించుకుని వచ్చారు. సంఘ పెద్దలు కూర్చున్నారు. అత్త తానేమీ చూడలేదని, చూడకపోయినా తన కొడుకు అట్లాంటివాడు కాదని చెప్పింది. ఆ పొద్దున ఇంట్లో ఉన్నది ఇంకొక్కరే. గత్తర నుంచి ఇంకా పూర్తిగా తేరుకోని పిల్లను ఎత్తుకొచ్చి పెద్దల మధ్య కూర్చోబెట్టారు. "కుండ ఎవరు తీసిండ్రు బిడ్డా?" అని మల్లన్న అడిగాడు. మణి తండ్రి వైపు ఒకసారి చూసి, తల దించుకుని, "అమ్మ," అంది.

ఆ తర్వాత నేను నోరు తెరవలేదు. తెరిస్తే నా బిడ్డ అబద్ధాలకోరు అవుతుంది. ఏడాది శిక్ష వేశారు. గుడిలో తలుపు దగ్గర వట్టి నేల మీద కూర్చోవాలి. బల్ల ఆచరించే ముందు లేచి బయటికి పోవాలి. ఎవరూ నాకు వందనం చెప్పకూడదు, నా చేతి కానుక తీసుకోకూడదు. గుడి అలకడానికి మాత్రం శిక్ష అడ్డం రాలేదు. ప్రతి శనివారం నేనే అలికాను. మల్లన్న ఎదురైనప్పుడల్లా నా కాళ్ల ముందు ఉమ్మేవాడు. ఆ ఉమ్మి మీద మట్టి కప్పి పోయేదాన్ని, అతని తల్లి అలా పోయింది మరి. వాటన్నిటికీ ఓర్చుకున్నాను. మణి నా పక్కన పడుకోవడం మానేసి అవ్వ మంచంలో పడుకుంటుంటే మాత్రం ఓర్చుకోలేకపోయేదాన్ని. ఏడాదిపాటు అది నా ముఖంలోకి చూడలేదు. తండ్రి చెప్పింది చెప్పి, ఇప్పుడు నేనంటేనే భయపడుతోందని అనుకున్నాను.

శిక్ష గడువు తీరే ఆదివారానికి ముందురోజు అనంతయ్య గారు వచ్చి మా ఇంట్లోనే దిగారు. శిక్షలో ఉన్న చేతి వంట ఆయనకు రుచిగానే ఉంది. మూడో రొట్టె వేస్తుంటే అన్నారు. "కృపమ్మా, రేపు ఆ మాట చెప్పేయమ్మా. అంతటితో అయిపోతుంది."

"నేను పొయ్యలే అయ్యా," అన్నాను.

ఆయన రొట్టె తుంచి పచ్చడిలో అద్దుకున్నారు. "నాకు తెలుసు," అన్నారు.

నా చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది. ఏడాదిగా తలుపు దగ్గర కూర్చోబెట్టిన మనిషి ఈయనే.

"పిల్లను అడిగినప్పుడే తెలిసింది. పిల్ల తండ్రి వైపు చూసి చెప్పింది," అన్నారాయన. "కానీ ఆలోచించు. ఉపదేశి చేశాడని తెలిస్తే మల్లన్న ఊరుకుంటాడా? పన్నెండు ఇళ్లూ మళ్లీ ఈదమ్మ దగ్గరికే పోతాయి. అదే ఆడమనిషి చేసిన తప్పయితే జనం మర్చిపోతారు. ప్రభువు మనందరి పాపం మోశాడమ్మా. కట్టుకున్నవాడిది ఒక్కటి నువ్వు మోయలేవా?"

ఇంకో రొట్టె వేశాను. ఆయన అన్నది నిజమేనేమో అనిపించింది. నా మొగుడు తిట్టినప్పుడు, అత్త దెప్పినప్పుడు నేను వంగలేదు. ప్రభువు పేరు పెట్టి అడిగితే వంగాలనిపించింది. పెంకుటిల్లు నాకక్కర్లేదు. నా బిడ్డను నా దగ్గర ఉంచుకోవచ్చు, రొట్టె ముక్క, గిన్నె అందరితోపాటు అందుకోవచ్చు. ఒక్క అబద్ధం. ఆదివారం పొద్దున ఇసురుతున్నంతసేపూ ఆ మాటను నోట్లో తిప్పి చూసుకున్నాను. గుడికి పోతుంటే నా మొగుడు పక్కకు వచ్చి, "మంచిగ ఏడ్సుకుంట చెప్పు. అప్పుడే జనం నమ్ముతరు," అన్నాడు.

పాస్టరు గారు పేరు పెట్టి పిలిచారు. తలుపు దగ్గర నుంచి లేచి నిలబడ్డాను. ఎదురుగా అవ్వ ఒళ్లో మణి తల వంచుకుని కూర్చుంది. దాన్ని చూశాక ఆ మాట నా నోట్లోనే ఆగిపోయింది. నేను చేశానని నేనే ఒప్పుకుంటే, రేపు ఈ పిల్ల తన కళ్లతో చూసింది కూడా నమ్మలేదు. తండ్రి అన్నాడు, పాస్టరు అన్నాడు, చివరికి తల్లి కూడా అంది, ఇంక దానికి ఏది నిజం?

"అయ్యా, నేను రెండు తప్పులు చేసిన," అన్నాను. "భీమమ్మ పెద్దమ్మను ఓర్సుకొమ్మని చెప్పింది నేను. ఆమె నీళ్ల కోసం కొట్టుకుంటుంటే నిండు చెంబు ఒళ్ల పెట్టుకోని ఇంట్ల కూసున్నది నేను. మల్లన్నా, దానికి నువ్వు ఏ శిక్ష ఏసినా పడత."

మల్లన్న ముఖం నల్లబడింది. పాస్టరు గారు తొందరగా, "గంప మాట చెప్పమ్మా," అన్నారు.

"గంపల నేను పొయ్యలే. ఎవరు పోసిండ్రో నేను చెప్ప."

"నిన్న నీకు చెప్పాను కదా. ప్రభువు మన పాపం..."

"ప్రభువు మోసిండయ్యా. మోసిండు గని, అది నేనే చేసిన అని చెప్పలే."

ఒక్క క్షణం అనంతయ్య గారు నా వైపు చూసిన చూపులో ఏదో మెత్తబడింది అనుకున్నాను. మల్లన్న లేచి మణి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు చెప్పు బిడ్డా. మల్లొకపారి చెప్పు. కుండ ఎవరు తీసిండ్రు?" మణి తండ్రి వైపు చూసింది. అతను చిన్నగా తల ఊపాడు. అప్పుడది ఏడాది తర్వాత మొదటిసారి నా కళ్లలోకి చూసింది, చూస్తూనే, "అమ్మ," అంది.

పాస్టరు గారు సంఘం పుస్తకం తెరిచి నా పేరు మీద గీత గీశారు. నిజం తెలిసిన చేయి ఆ గీతను తిన్నగానే గీసింది. నన్ను బయటికి పంపి తలుపు దగ్గరికి వేశారు. లోపల బల్ల పాట అందుకున్నారు. ఆ పాట వాళ్లకు నేర్పింది నేనే. ఒకచోట రాగం తప్పితే నాకు తెలియకుండానే నా నోరు కదిలింది.

ఇంటికి వచ్చాక నా మొగుడు కొట్టాడు. అది చెప్పుకోవలసినంత పెద్ద సంగతి కాదు, ఉపదేశి అయినా మొగుడే కదా. "పొద్దుగాల నేను లేసేసరికి ఇంట్ల కనపడొద్దు. పిల్లను ముట్టొద్దు," అన్నాడు. అత్త గోడకు ఆనుకుని అంతా చూసి, "పొయ్యేటిదానివి పోతవు గని, నాలుగు దినాలకు సాలినంత పిండి ఇసిరిపెట్టి పో. నాకు రెక్కలు నొస్తయి," అంది.

తెల్లవారుతుండగా ఇసుర్రాయి ముందు కూర్చున్నాను. పోయే ఇంటికి పిండి విసిరి పెట్టడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా చేతులు చేసుకుపోతూనే ఉన్నాయి. మొదటి పిడికెడు కుండలో వేశాను. కాసేపటికి వెనక అలికిడైంది. మణి అవ్వ మంచం దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. గంపలో చెయ్యి పెట్టి, దాని గుప్పెటలో పట్టినన్ని జొన్నలు తీసి కుండలో వేసింది.

"అమ్మా, కుండ నాయిననే తీసిండు. నేను సూసిన," అంది.

"తెల్సు బిడ్డా."

"నువ్వు తీసినవని చెప్పకుంటే నిన్ను ఇంట్ల నుంచి ఎల్లగొడతనన్నడు. గందుకే చెప్పిన. నిన్న గూడ గందుకే చెప్పిన. అయినా ఎల్లగొడుతుండు."

రాయి ఆపేశాను. భయపడి నన్ను చూడటం లేదనుకున్నాను. ఆరేళ్ల పిల్ల ఏడాదిపాటు ఆ అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని, నన్ను ఈ ఇంట్లో నిలబెట్టానని అనుకుంది. దాన్ని ఒళ్లోకి లాక్కుని ఏడ్చాను. "నేను అబద్ధం చెప్పిన అమ్మా. ప్రభువు కొడతడా?" అని అడిగింది. ఆ ఏడాది మొత్తంలో మా సంఘంలో నేను కాక, చేసిన తప్పును చేసినట్టు ఒప్పుకోవడానికి వచ్చింది ఇదొక్కతే.

"కొట్టడు," అన్నాను.

పిండి సగంలోనే వదిలేసి లేచాను. నిన్నటి రొట్టె ఒకటి ఉట్టిలో ఉంది. దాన్ని విరిచి సగం మణి చేతిలో పెట్టాను, సగం నేను తిన్నాను. సంఘం తీసుకోని జొన్నల కుండ నెత్తికెత్తుకున్నాను. ఒక చేత్తో మణి చెయ్యి పట్టుకున్నాను. వాకిలి దగ్గర అత్తకు మెలకువ వచ్చింది.

"ఏందే ఈదీ, పిండి అయిపాయెనా? ఆ పిల్లను యాడికి తోల్కపోతున్నవు?"

"దీనికి అబద్ధం చెప్పే పని లేని కాడికి, అత్తా," అన్నాను.